పడవలో సబ్‌వూఫర్ మార్చాలా, ఆంప్లిఫైయర్ మార్చాలా?

పడవలో బేస్ (పాటలోని లోతైన ధ్వని) చాలనప్పుడు, ఆ ధ్వనినిచ్చే స్పీకరైన సబ్‌వూఫర్, దానికి శక్తినిచ్చే ఆంప్లిఫైయర్‌లలో ఏది మార్చాలన్న ప్రశ్నకు ముందు, పాత సబ్‌వూఫర్‌ను బిగించిన చోటు ఒకసారి చూడండి. పెట్టె లేకుండా పలకకే బిగించే రకమైతే దాని వెనక ఖాళీ మూసి ఉండాలి. వైర్ల కోసం కోసిన రంధ్రం తెరిచి ఉన్నా వెనక ధ్వని బయటికి వచ్చి, ముందు ధ్వనిని కొంతమేర రద్దు చేస్తుంది. అది సరిచేస్తేనే చాలాసార్లు తేడా తెలుస్తుంది.

ఆ తరువాత కూడా చాలకపోతే, కారులోలా మూసిన గది బేస్‌ను పెంచే సాయం తెరిచిన పడవలో ఉండదు కనుక, పెద్ద కోన్ (స్పీకర్‌లో కదిలే శంకువు), ఎక్కువ శక్తి రెండూ అవసరమవుతాయి. గరిష్ఠ వాట్లను కాక ఆర్‌ఎంఎస్ (నిరంతరంగా ఇవ్వగల లేదా తట్టుకోగల శక్తి) విలువలను చూసి సబ్‌వూఫర్‌కూ ఆంప్లిఫైయర్‌కూ జత కుదర్చాలి. రెండు 4 ఓమ్‌ల సబ్‌వూఫర్లను సమాంతరంగా కలిపితే భారం (ఆంప్లిఫైయర్‌కు ఎదురయ్యే నిరోధం) 2 ఓమ్‌లవుతుంది. ఆంప్లిఫైయర్ దానిని తట్టుకోగలగాలి.

విద్యుత్తు విషయమే అన్నిటికన్నా ముఖ్యం. 80 శాతం సామర్థ్యం గల క్లాస్ డి రకం ఆంప్లిఫైయర్ 1000 వాట్లు ఇవ్వాలంటే 12.5 వోల్టుల వద్ద సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది. పాట సాగినంతసేపూ అంత లాగకపోయినా, తీగ మందాన్ని, ఫ్యూజును ఈ లెక్కనే దృష్టిలో ఉంచుకుని ఎంచుకోవాలి. తీగ తగరపు పూత ఉన్న రాగిదైతే తేమకు త్వరగా పాడవదు. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీ మీద మాత్రం ఈ భారం వేయకండి, ఎందుకంటే ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు అది ఖాళీ అయితే ప్రాణాల మీదికి వస్తుంది. సౌండ్ సిస్టమ్‌కు వేరే బ్యాటరీ పెట్టండి.