హరిహరదేవుడు గెలిచి ఉంటే?

ప్రశ్న: మాస్టారూ, ఆడదానికి సింహాసనమేమిటని హరిహరదేవుడు, మురారిదేవుడు రుద్రమదేవి మీద తిరగబడ్డారని మా అబ్బాయి ఎక్కడో చదివాడు. "అమ్మా, వాళ్ళే గెలిచి ఉంటే?" అని ప్రాణం తీస్తున్నాడు. ఏం చెప్పను?
— ఒక గృహిణి, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు ఒక మాటమ్మా. ఆ అన్నదమ్ముల కథ 'ప్రతాపరుద్ర చరిత్రము'లోది. రాణి పోయిన చాలా కాలానికి రాసింది. శాసనాల్లో వాళ్ళ పేర్లు లేవు. అయినా ఊహే కదా, గెలిపిద్దాం.

రుద్రమ తండ్రి గణపతిదేవుడి మాట కంచి దాకా సాగింది. ఏకామ్రనాథుడి గుడిలో 1249 నాటి శాసనం ఉంది. మొన్న మనవణ్ణి తీసుకెళ్ళి చూపిస్తానంటే వాడు మామిడిచెట్టు కిందనుంచి కదల్లేదు! 1263 ప్రాంతంలో పాండ్యుల చేతిలో ఓడిపోయాక ఆ కంచి పోయింది. దెబ్బతిన్న ఇంట్లోనే వాటాల గొడవ లేస్తుంది.

రాణి వెనక నిలబడింది చుట్టాలు కాదు. గోన గన్నారెడ్డి, ప్రసాదిత్యుడు, కాయస్థ జన్నిగదేవుడు లాంటి నాయకులు. అన్నదమ్ములు గెలిస్తే వీళ్ళకి ఓరుగల్లులో చోటుండేది కాదు, వంశం పేరు చెప్పుకునే దాయాదులకే పదవులన్నీ. ఇంతలో దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వస్తాడు. అసలు చరిత్రలో రుద్రమ అతణ్ణి తరిమికొట్టింది, బీదరు కోటలో ఆమె శాసనం ఉంది. మన ఊహలో మాత్రం అలిగిన నాయకులు ఇంట్లోనే కూర్చుంటారు, ఓరుగల్లు దేవగిరికి కప్పం కడుతుంది. నాయకుల్ని పెంచే ఆ పద్ధతే లేకపోతే, 1323లో ఓరుగల్లు పడ్డాక ఢిల్లీ మీద లేచిన ముసునూరి ప్రోలయ నాయకుడూ ఉండేవాడు కాదేమో. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

అయితే నాయకుల్ని నమ్మడంలోనూ చిక్కుంది. జన్నిగదేవుడి తమ్ముడు అంబదేవుడే తర్వాత ఎదురు తిరిగాడు. ఇది కథ కాదు, త్రిపురాంతకంలో అతని 1290 శాసనమే ఉంది. రాణి, సేనాని మల్లికార్జున నాయకుడు ఇద్దరూ మరణించారని నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతుంది. దాని తేదీ 1289 నవంబరు 27. అంబదేవుడితో యుద్ధంలోనే పోయారని చరిత్రకారుల మాట. అప్పటికి ఆమె ముసలావిడ, అయినా యుద్ధానికి తానే కదిలిందంటే!

"అంబదేవుడు తిరగబడకపోయి ఉంటే?" అని అడగమనండి మీవాణ్ణి. పరీక్షలో మాత్రం నా ఊహలు రాయనివ్వకండి, మార్కులు పోతాయి.