షుగరు నార్మల్ అయినా ఆ మాత్ర మానకు

చిరంజీవి చిన్నాకి, పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ ఇంట్లో గోడ క్యాలెండరు వెనక డాపాగ్లిఫ్లోజిన్ స్ట్రిప్పు కనబడింది. ఇంకా ఆరు మాత్రలు అలాగే ఉన్నాయి. అడిగితే, "షుగరు నార్మల్ అయింది కదా పెద్దమ్మా, పైగా క్రియాటినిన్ 1.1 నుంచి 1.3కి పెరిగింది, టెన్షన్ వచ్చి ఆపేశాను" అన్నావు. క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా వడపోస్తోందో చెప్పే రక్తపరీక్షే కదా, అందుకే భయపడ్డావు. భీమవరం బస్సు వచ్చేస్తుంటే అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. డయాలసిస్ వార్డులో పన్నెండేళ్లు నర్సుగా చేసినదాన్ని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ మాత్ర ఒక్క షుగరు కోసమే రాయలేదురా. నీ యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోంది, కిడ్నీని కాపాడటానికి రాశారు.

రొయ్యల చెరువు చూసుకునేవాడివి, నీకిది తేలిగ్గానే అర్థమవుతుంది. కాలవ ఉరవడిగా వస్తుంటే తూము తలుపు కాస్త దించుతావు, లేకపోతే గట్టు కోసుకుపోతుంది. షుగరు ఉన్నవాళ్లకి కిడ్నీలోని జల్లెడకి రక్తం తెచ్చే సన్న నాళం మరీ తెరుచుకుని, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే జల్లెడ దెబ్బతిని ప్రోటీన్ జారిపోతుంది. ఈ మాత్ర చక్కెరనీ ఉప్పునీ మూత్రంలోకి వదిలిస్తుంది, దాంతో ఆ నాళం కాస్త బిగుస్తుంది. తలుపు దించిన రోజు నీళ్లు తక్కువ పారతాయి కదా, అలాగే మొదటి వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. అది కిడ్నీ పాడైన గుర్తు కాదు. ఎంతవరకు ఫర్వాలేదన్నది డాక్టరు చూడాలి, నువ్వు తేల్చకు.

2020లో 4304 మంది కిడ్నీ రోగుల మీద దీన్ని పరీక్షించారు. వాళ్లలో మూడోవంతు మందికి అసలు షుగరే లేదు. అయినా కిడ్నీ బాగా దెబ్బతినడం, డయాలసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం, ఈ ముప్పు మొత్తం మీద 39 శాతం తగ్గింది. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఇలాంటి మందు చేతిలో ఉంటే ఎంతమంది ఆ మంచం ఎక్కకుండా ఉండేవారో అనిపిస్తుంది.

వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి సయించని రోజుల్లోనూ, కార్తీక ఉపవాసాలప్పుడూ ఈ మాత్ర ఆపి డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆపరేషనుంటే మూడు రోజుల ముందే ఆపాలి. ఎందుకంటే అలాంటప్పుడు షుగరు మామూలుగా ఉన్నా ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది. ఆయాసం, కడుపునొప్పి వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లిపో. మర్మాంగం దగ్గర దురద రావచ్చు, సిగ్గుపడి దాచకు.

ఇంకొకటి. చెరువు గట్టు మీద తిరిగి నడుం పట్టేసిందని మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలున్నాయే, అవి మానెయ్యి. నీ కిడ్నీ విషయంలో నాకు అసలు భయం వాటితోనే.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లి, మాత్ర ఎన్ని రోజులు మానేశావో దాచకుండా చెప్పు. యూరిన్ ఆల్బుమిన్, క్రియాటినిన్ మళ్లీ చేయించి, రిపోర్టు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ