టెస్టోస్టెరాన్ మొదలయ్యాక చెమట వాసన, బైండర్ సంగతి

తమ్ముడూ, టెస్టోస్టెరాన్ (మగ లక్షణాలు తెచ్చే హార్మోన్) మొదలుపెట్టాక వాసన ఘాటెక్కిందని, రెండు పూటలా స్నానం చేసినా అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీ మెట్రోలో చెయ్యెత్తి పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉందని అడిగావు కదా. శుభ్రత లోపమేం కాదు. హార్మోన్ వల్ల చెమట, జిడ్డు పెరుగుతాయి, చంకల్లో ఉండే బ్యాక్టీరియా ఆ చెమట మీద పడి వాసన పుట్టిస్తుంది, టీనేజ్ అబ్బాయిలకి జరిగేదే నీకిప్పుడు జరుగుతోంది.

స్ప్రే మీద స్ప్రే కొట్టకు, రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది. మెడికల్ షాపులో ఆ బ్యాక్టీరియాని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ అడుగు, చంకల్లో రాసి ఒకట్రెండు నిమిషాలుంచి బాగా కడిగెయ్. రంగు టవల్‌కి తగిలిందా, రంగు పోతుంది. మంటగా ఉంటే రోజు విడిచి రోజు చాలు. చెమటే తగ్గాలంటే డియోడరెంట్ కాదు, యాంటీపర్‌స్పిరెంట్ కావాలి, అదీ రాత్రి పడుకునే ముందు, తడి లేని చర్మానికి. షేవ్ చేసిన వెంటనే మాత్రం వద్దు.

నా అనుమానం అసలు బైండర్ మీదే, అదే ఛాతీ చదునుగా కనపడడానికి వేసుకునే బిగుతు లోదుస్తు మీద. మే నెల ఎండలో నిన్నటి చెమట బైండరే మళ్లీ వేసుకుంటే ఏ సబ్బూ కాపాడదు. రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడు, చల్లనీళ్లలో చేత్తో ఉతుకు, హాస్టల్ దండెం మీద వేయడం ఇబ్బందైతే రూంలో ఫ్యాన్ కింద హ్యాంగర్‌కి తగిలించు, పూర్తిగా ఆరకుండా వేసుకోకు. ఎనిమిది గంటలు దాటనివ్వకు, నిద్రలో అసలే వద్దు.

దాని కింద ఎర్రగా, దురదగా ఉంటే ఫంగస్ కావచ్చు, స్కిన్ డాక్టర్‌కి చూపించు. వాసన కోసమని డోస్ మాత్రం సొంతంగా తగ్గించకు.