పోస్టల్ బ్యాలెట్‌లో ఎవరికి వేశామో అధికారులకు తెలిసిపోతుందా?

బ్యాలెట్‌తో పాటు ఓటరు నింపి పంపే డిక్లరేషన్ మీద పేరు, సంతకం, బ్యాలెట్ నంబర్ అన్నీ ఉన్నాయి కదా, ఇక రహస్యం ఏముంది అని అడిగారు. మంచి అనుమానమే. నేను టీచర్ని, కౌంటింగ్‌లో పోస్టల్ బ్యాలెట్ టేబుల్ దగ్గర డ్యూటీ చేశాను కాబట్టి అక్కడ జరిగేది చెప్తాను.

ముందు పెద్ద కవర్ (13సి) మాత్రమే తెరుస్తారు. అందులో 13ఎ డిక్లరేషన్, బ్యాలెట్ ఉన్న చిన్న కవర్ (13బి) విడివిడిగా ఉండాలి. డిక్లరేషన్‌లో ఓటరు సంతకం, అటెస్టేషన్ (ఆ సంతకాన్ని ఒక అధికారి ధ్రువీకరించడం) చూసి, అందులో రాసిన బ్యాలెట్ నంబరూ చిన్న కవర్ మీద నంబరూ ఒకటేనా అని చూస్తారు. తేడా ఉంటే చిన్న కవర్ తెరవకుండానే రిజెక్ట్. సరిగ్గా ఉన్న డిక్లరేషన్లన్నీ వేరే ప్యాకెట్‌లో పెట్టి సీల్ వేశాకే చిన్న కవర్లు తెరుస్తారు. అంటే మీ ఓటు బయటికొచ్చే సమయానికి మీ పేరున్న కాగితం టేబుల్ మీద ఉండదు. ఇదంతా అభ్యర్థుల ఏజెంట్ల కళ్ల ముందే, వాళ్లు ఊరుకునే రకం కూడా కాదు, ప్రతి కాగితానికీ మెడ సాచి చూస్తుంటారు.

నేను చూసినంతలో గొడవంతా అటెస్టేషన్ దగ్గరే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అయితే అది కోర్టుకే ఎక్కింది. అటెస్టేషన్ సంతకం పెట్టిన అధికారి పేరు, హోదా, సీలు లేకపోయినా ఓటు చెల్లుతుందన్న ఎన్నికల సంఘం ఉత్తర్వు మీద వైఎస్సార్‌సీపీ హైకోర్టుకు, అక్కడ కుదరక సుప్రీంకోర్టుకు వెళ్లింది, రెండు చోట్లా జోక్యం చేసుకోలేదు. జూన్ 4న కౌంటింగ్ అనగా ముందు రోజు దాకా ఆ టెన్షన్ నడిచింది.

బ్యాలెట్ మీద టిక్కు పెట్టినా ఇంటూ పెట్టినా పర్లేదు, ఎవరికి వేశారో స్పష్టంగా ఉంటే చాలు. సంతకం పెడితే మాత్రం పోయినట్టే. చదువుకున్నవాళ్లు కూడా అలవాటుగా పెట్టేస్తారు!

సైనికుల ఓట్లయితే కవర్ మీద, డిక్లరేషన్ మీద ఉన్న క్యూఆర్ కోడ్లు స్కాన్ చేస్తారు, ఒకే ఓటు రెండుసార్లు వస్తే అక్కడే దొరికిపోతుంది.

ఇంకోటి, గెలుపు మెజారిటీ కన్నా రిజెక్ట్ చేసిన పోస్టల్ ఓట్లు ఎక్కువుంటే, రిజెక్ట్ అయినవన్నీ ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్) మళ్లీ చూసి తీరాలి, ఎవరూ అడగక్కర్లేదు. కౌంటింగ్ మొదలయ్యాక చేరిన కవర్లను మాత్రం అసలు తెరవరు.