కొత్త డెస్క్‌టాప్ కొనాలా, పాతదానికే ఎస్‌ఎస్‌డీ వేయించాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కోతలు పోను చేతికి 46,000 వస్తుంది. ఇంట్లో 2016లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. ఈ మధ్య పొద్దున్నే తేదీ తప్పు చూపిస్తోంది, సైట్లు తెరుచుకోవట్లేదు. మా ఆవిడ దాని మీదే పెళ్లి పత్రికలు, కరపత్రాలు డీటీపీ చేసి నెలకు అయిదారు వేలు సంపాదిస్తుంది. పాప ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు రాయాలి. బాబు ఎనిమిదో తరగతి, గ్రాఫిక్స్ కార్డు కావాలని గొడవ. ఒక షాపతను ‘దీనికి పెట్టడం దండగ, కొత్తది 62,000, నో కాస్ట్ ఈఎంఐ 12 నెలలు, క్యాష్ అయితే 3,000 తగ్గిస్తా, పాతది 2,000కు తీసుకుంటా’ అన్నాడు. ఇంకో షాపులో ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ ఎక్కించి ఇవ్వడానికి 4,500 అడిగారు. లక్ష రూపాయల చీటీ, 20 నెలలది, 11 నెలలు కట్టాను. పాడేసి కొందామా? పోయిన నెల పాట 14,000కు పోయింది. సేవింగ్స్‌లో 60,000 ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: హార్డ్ డిస్క్ తీసేసి, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి. కొత్తది ఇప్పుడు వద్దు. చీటీ జోలికి అసలే వెళ్లకండి.

మీ ఉత్తరంలో కంప్యూటర్ సంగతులన్నీ రాశారు గానీ, అసలు ఖర్చు ఒకటి మర్చిపోయారు. పాప వచ్చే ఏడాది ఆగస్టుకల్లా ఇంజినీరింగ్‌లో చేరుతుంది. హాస్టల్లో ఉన్నా, ఇంటి నుంచి వెళ్లొచ్చినా ల్యాప్‌టాప్ అడుగుతుంది, కొనక తప్పదు. ఇప్పుడు 62,000 పెట్టి డెస్క్‌టాప్ కొంటే, దాని ఈఎంఐ అయిపోయిన కొద్ది నెలలకే ఇంకో యాభై, అరవై వేలు తీయాలి. ఈలోగా జూన్‌లో కాలేజీ ఫీజు ఉండనే ఉంది. మీ జీతానికి ఏడాదిన్నరలో రెండు కంప్యూటర్లు బరువే. అందుకే పాత డబ్బాతో ఆ ఏడాదిన్నర నెట్టుకురాగలమా అన్నదే మనం చూసుకోవాల్సింది.

నెట్టుకురావచ్చు. మీరు చెప్పిన లక్షణాల్లో ప్రాసెసర్‌ను అనుమానించాల్సింది నాకు కనపడలేదు. ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. సిస్టమ్ నత్తనడక నడుస్తున్నప్పుడు సీపీయూ (అంటే ప్రాసెసర్) పది, పదిహేను శాతం దగ్గరే ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే దోషం హార్డ్ డిస్క్‌దే. ఆ వయసు మెషీన్లలో ఎక్కువగా కనపడేది ఇదే. హార్డ్ డిస్క్‌లో రేకులు తిరగాలి, సూది లాంటి హెడ్ వెళ్లి డేటా వెతకాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. అది మారిస్తే అదే ఐ5, అదే 8 జీబీతో నిమిషంలోపే పనిలోకి దిగొచ్చు. పాప మాక్ టెస్టులకు కావాల్సింది బ్రౌజర్, నెట్, మౌస్. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ కంప్యూటర్ మీదే రాయాలి కాబట్టి, ఫోన్లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద మౌస్‌తో అలవాటు పడటం మంచిదే. దానికి ఈ డబ్బా సరిపోతుంది.

ఇక తేదీ తప్పడం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. వాచీ రిపేరు కొట్లో కూడా దొరుకుతుంది, వంద నోటు ఇస్తే చిల్లర వెనక్కి వస్తుంది. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు బ్యాంకు సైటు తెరవబోతే, సైటు భద్రతా పత్రం తేదీకీ కంప్యూటర్ తేదీకీ పొంతన కుదరక బ్రౌజర్ అడ్డుపడుతుంది. సైట్లు తెరుచుకోకపోవడం వెనక చాలావరకు ఉన్నది ఇదే. ‘దీనికి పెట్టడం దండగ’ అన్న షాపతను ఈ సెల్ సంగతి చెప్పాడా మరి?

ఇప్పుడు నో కాస్ట్ ఈఎంఐ లెక్క చూద్దాం. 62,000ను 12తో భాగిస్తే నెలకు 5,167. వడ్డీ లేని అప్పు బ్యాంకు ఇవ్వదు. సున్నా వడ్డీ అన్న మాటకు అర్థమే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీ మేరకు ధరలో తగ్గింపు చూపించి, మళ్లీ అదే వడ్డీని ఈఎంఐలో వసూలు చేస్తారు. 15 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి ఆ వడ్డీ సుమారు 4,750 అవుతుంది. అది తగ్గింపులో సర్దుబాటైనా, దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు 850 మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకున్నా పన్నుతో 235. క్యాష్ ఇస్తే తగ్గేది 3,000 పోయినట్టే. మొత్తం నాలుగు వేలు పైమాటే. ‘ఖర్చు లేని’ ఈఎంఐకి అయ్యే ఖర్చుతో మీ ఎస్‌ఎస్‌డీ దాదాపుగా వచ్చేస్తుంది! పైగా ఆ 62,000లో 9,450 దాకా జీఎస్టీయే. మీ ఆవిడ పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అది క్రెడిట్‌గా వెనక్కి రాదు.

చీటీ మాటకొస్తే, ఆ డబ్బు మీది. కానీ పోయిన నెల లాగే 14,000కు పాడితే చేతికి 86,000 వస్తుంది. అరవై రెండు వేల వస్తువు కోసం పద్నాలుగు వేలు వదులుకున్నట్టు. మిగిలిన తొమ్మిది నెలలూ ఓపిక పట్టండి. ఆ డబ్బు పాప కాలేజీ చేరికకు అక్కరకొస్తుంది. సేవింగ్స్‌లోని 60,000 కూడా కదపొద్దు. నలుగురున్న ఇంటికి అది నెలన్నర ఖర్చే, నిజానికి తక్కువే.

మీ విషయంలో నాకు కొంచెం టెన్షన్ పెట్టేది విండోస్ 10 ఒక్కటే. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేది ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి. మీది ఆరోది. ఏదో ఒకటి చేసి 11 ఎక్కించేస్తామని చాలా షాపుల్లో అంటారు. ఎక్కుతుంది కూడా, కానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. క్రాక్ చేసిన విండోస్ అయితే అసలే వద్దు, అందులో నెట్ బ్యాంకింగ్ చేయడం ఇంటి తాళం దారిన పోయేవాడికి ఇచ్చినట్టే. ఇళ్లలో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తోంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది.

ఆ తర్వాత? విండోస్‌కు బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ ఉచితం, పాప బ్రౌజర్ అందులో చక్కగా నడుస్తుంది. చిక్కల్లా మీ ఆవిడ డీటీపీతోనే. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ విండోస్ సరుకు. అందుకని ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడే రెండు భాగాలు చేయించి, ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో మింట్ పెట్టించుకోండి. అక్టోబరు దాటాక విండోస్‌లో నెట్ ఆపేసి డీటీపీ మాత్రమే చేసుకోవచ్చు, నెట్ పనులన్నీ మింట్‌లో. పత్రిక మ్యాటర్ వాట్సాప్‌లో వస్తే మింట్‌లో దించుకుని, పెన్ డ్రైవ్‌లో ఇటు తెచ్చుకోవాలి. కొంచెం చాకిరీయే, కాదనను.

షాపుకు తీసుకెళ్లేముందు ఆవిడ ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. పాత పత్రికల డిజైన్లే ఆవిడ పెట్టుబడి, అవి పోతే ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు. పాత హార్డ్ డిస్క్ షాపులో వదిలేయొద్దు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులోనే ఉంటాయి. ర్యామ్ పెంచమంటే ఇప్పుడు వద్దనండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా ఎక్కాయి, మీకు 8 జీబీ చాలు.

ధరలు ఇంకా పెరుగుతాయి, ఇప్పుడే కొనండి అని షాపతను అనొచ్చు. పెరగొచ్చు కూడా. దానికి మందు, ఆ ఈఎంఐ కట్టాలనుకున్న 5,167లోంచి నెలకు 3,000 బ్యాంకులో ఆర్‌డీ వేయడం. పద్దెనిమిది నెలలకు అసలే 54,000 అవుతుంది, పైన కొంత వడ్డీ. మిగతా రెండు వేలు సేవింగ్స్‌లో పడనివ్వండి, ధర పెరిగితే అది ఆదుకుంటుంది. పోస్టాఫీసు ఆర్‌డీ మాత్రం వద్దు. అది అయిదేళ్లది, మూడేళ్లలోపు మూయలేరు. ఇంకోటి, డీటీపీ ఆదాయంలోంచి నెలకు 500 మెషీన్ పేరుతో విడిగా తీసిపెట్టమని మీ ఆవిడకు చెప్పండి. సంపాదించిపెట్టే యంత్రం అరుగుదల ఆ సంపాదనలోంచే పోవాలి. అకౌంట్స్ చూసే మీకు డిప్రిసియేషన్ గురించి నేను చెప్పాలా!

ఒక్క సందర్భంలో నా సలహా మారుతుంది. డబ్బా విప్పాక మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కనపడినా, పని మధ్యలో దానంతటదే ఆగిపోతున్నా ఎస్‌ఎస్‌డీ కొనకండి. బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై) అంటూ కొత్తదాని ధరలో పావు వంతు దాటే రిపేరుకు నేను ఒప్పుకోను. అప్పుడు కూడా 62,000 అక్కర్లేదు. కంపెనీలు వాడి వదిలేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో దొరుకుతాయి. మానిటర్ ఇప్పటికే మీ దగ్గర ఉంది కాబట్టి సీపీయూ డబ్బా ఒక్కటే తెచ్చుకోండి. విండోస్ 11 ఎక్కాలంటే ఐ5 పక్కన గీత తర్వాతి నంబరు 8, 9తో గానీ, 10 నుంచి 14 దాకా ఏదో ఒకదానితో గానీ మొదలవ్వాలి. బిల్లు మీద వారంటీ రాయించుకోండి, నోటిమాట చెల్లదు.

బాబు గ్రాఫిక్స్ కార్డు సంగతి: వద్దు. మంచి గేమ్ కార్డు వేస్తే మీ పాత ఎస్‌ఎంపీఎస్ ఆ లోడు మోయడం అనుమానమే, అది కూడా మార్చాలి. ఎస్‌ఎస్‌డీ వచ్చాక వాడి పాత గేమ్‌లే త్వరగా తెరుచుకుంటాయి, అంతటితో సరిపెట్టుకోమనండి.