అమ్మ పింఛను అమ్మ చేతికే రావాలి

ప్రశ్న: నాన్న పోయాక అమ్మ (74) తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఆమె ఏటీఎం కార్డు, ఫోను వాడి దగ్గరే ఉంటాయి. మందులకు కూడా వాణ్నే అడగాలి. ఇప్పుడు ఇల్లు తన పేర రాసివ్వమంటున్నాడు. అమ్మ ఖాతాలో నా పేరు కూడా చేర్చి నేనే చూసుకోవచ్చా?

జవాబు: మీ బెంగ అర్థమైంది. కానీ ఆ పని చెయ్యకండి. పెత్తనం తమ్ముడి నుంచి మీకు మారుతుందే తప్ప అమ్మకు రాదు. పైగా ఎవరైనా తీసుకునే వీలున్న జాయింట్ ఖాతాలో రెండోవారు ఉన్నదంతా తీసేయొచ్చు. రేపు మీ మీదా ఇదే మాట రావచ్చు.

ముందు అమ్మతో ఒంటరిగా, తీరిగ్గా మాట్లాడండి. కార్డు తనే ఇచ్చిందా, వాడే తీసుకున్నాడా? బ్యాంకుకు తిరగలేక తనే ఇస్తే అది సాయం. అడిగినా తిరిగివ్వకపోతే, లెక్క అడిగితే కసురుకుంటే అది వేధింపే. కొట్టడం, తిట్టడమే వేధింపు అనుకుంటాం గానీ, పెద్దవాళ్ల డబ్బు గుప్పిట్లో పెట్టుకోవడమూ అందులోకే వస్తుంది. 60 దాటినవారిలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక వేధింపు ఎదుర్కొన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కన్నబిడ్డ మీద ఫిర్యాదు చెయ్యలేక ఎందరో నోరు విప్పరు.

అమ్మ సరేనంటే బ్యాంకుకు తీసుకెళ్లండి. కౌంటర్లో వాళ్లు మీకేసి చూసి అడుగుతారు. "అమ్మనే అడగండి" అనండి. పాత కార్డు ఆపించి కొత్తది తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఖాతాకు ఉన్న నంబరు అమ్మ చేతిలో ఉండే ఫోనుది కావాలి. ఓటీపీ వేరేవాళ్లకు వెళ్తుంటే కార్డు తన దగ్గరున్నా లాభం లేదు. అయితే ఆమెను చూసుకుంటున్నది తమ్ముడే, ఖర్చూ అవుతుంది. అమ్మ నెలకు ఎంత ఇవ్వాలో ముగ్గురూ కూర్చుని తేల్చి కాగితం మీద పెట్టండి.

ఇల్లు మాత్రం ఇప్పుడు రాసివ్వొద్దు. దానపత్రం రాశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. వీలునామా అయితే మతిస్థిమితం ఉన్నంతకాలం మార్చుకోవచ్చు, ఇల్లూ ఆమె పేరునే ఉంటుంది. అందులో తమ్ముడికే రాస్తానంటే అది ఆమె ఇష్టం, మీకు నచ్చకపోయినా సరే. లాయరుతో ఆమె మాట్లాడేటప్పుడు మీరిద్దరూ బయటే ఉండండి. పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వేరొకరు పనులు చేసేందుకు ఇచ్చే అధికారపత్రం) తప్పదంటే ఫలానా పనికే అని రాయించి, ఇల్లు అమ్మే అధికారం లేకుండా చూడండి.

తమ్ముడు బెదిరించినా, చెయ్యెత్తినా ఈ లెక్కలన్నీ తర్వాత. అమ్మను మీ దగ్గరికి రమ్మనండి, పోలీసులకు చెప్పడానికి వెనకాడకండి.