తారస్థాయా, తారాస్థాయా?

సందేహం: మా కాలనీ ప్రత్యేక సంచికకు బతుకమ్మ గురించి వ్యాసం రాశాను. 'వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాటి సందడి తారాస్థాయికి చేరింది', 'ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడారు', 'ఎవరూ శృతి తప్పలేదు', 'చివర్లో అపశృతి, ఒకామె మెట్ల మీద జారిపడడంతో కాలు విరిగింది' అని రాస్తే మా మామయ్య నాలుగు చోట్లా ఎర్ర ఇంకు పెట్టారు. నిజంగా అన్నీ తప్పులేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మూడు తప్పులే అమ్మా. 'వంత పాడారు' మాత్రం ఉంచండి.

సంగీతంలో స్థాయిలు మూడు: మంద్ర, మధ్య, తార. పైకెత్తి పలికే ధ్వని తారం. దానికీ నక్షత్రానికీ సంబంధం లేదు. తారాపథం, తారాబలం అన్నప్పుడు ఉన్నది నక్షత్రం కాబట్టి దీర్ఘం సరిపోతుంది. ఆ అలవాటే ఇటు పాకింది. తారస్థాయి అనే రాయాలి.

శ్రుతికి మూలం 'శ్రు' ధాతువు, అంటే వినడం. శ్రవణం, శ్రోత అక్కడివే. కృతి, స్మృతి, ధృతి అలా కాదు, వాటి ధాతువుల్లోనే ఋకారం ఉంది కాబట్టి వట్రసుడి వస్తుంది. మన నోట శ్రు, శృ ఒకేలా పలుకుతాయి. చెవిని నమ్మి రాస్తే ఇక్కడ దెబ్బతింటాం.

బతుకమ్మ ఆడేచోట ఒకసారి గమనించండి. పాట ఎత్తుకున్నామె గొంతు మరీ పైన మొదలుపెడితే నాలుగు వరుసలు దాటకముందే మిగతావాళ్లకు అందదు. ఒకామె గొంతు దించుకుంటుంది, ఇంకొకామె కీచుమంటుంది, చప్పట్లు కూడా చెదురుతాయి. శ్రుతి మించడమంటే అదే. పరాచికం కాస్తా కొట్లాట అయితే 'శ్రుతి మించి రాగాన పడింది' అనేది అందుకే.

వంత పాడడం అంటే భజన చేయడమని మీ మామయ్యగారికి అనిపించి ఉంటుంది. రాజకీయ వార్తల్లో ఆ అర్థం నిలిచిపోయింది, కాదనను. కానీ ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు, వంత లేనిదే కథ నడవదు. 'ఉయ్యాలో' అని అందుకునే గొంతులకు అంతకన్నా మంచి మాట నాకు తెలియదు.

ఇక అపశ్రుతి. పాటలో తప్పు పలికిన స్వరం అది, సర్దుకుని పాట సాగిపోతుంది. మధ్యలో మైకు ఆగిపోతే ఆ మాట వాడుకోవచ్చు. పత్రికల్లో 'జాతరలో అపశ్రుతి' అని శీర్షిక పెట్టి కింద మనిషి పోయిన వార్త రాస్తుంటారు. అది చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఆ ఇంటివాళ్లు ఈ శీర్షిక చదివితే ఎలా ఉంటుంది? ప్రమాదాన్ని ప్రమాదమనే రాయాలి.

మీ వాక్యంలో అయితే ఆ మాటా అక్కర్లేదు. 'చివర్లో ఒకామె మెట్ల మీద జారిపడడంతో కాలు విరిగింది' అంటే చాలు.